చిప్ నుంచి కిటికీ అద్దం దాకా: పూతకు మూలమైన స్పటరింగ్ టార్గెట్లు

మొబైల్ ఫోన్‌లోని చిప్, సమాచారాన్ని భద్రపరిచే హార్డ్ డిస్క్, నగరాల్లోని అద్దాల భవనాల కిటికీలు, ఉక్కును తొలిచే బంగారు వన్నె డ్రిల్ బిట్. చూడటానికి వీటి మధ్య ఎటువంటి పోలికా లేదు. అయితే ఈ నాలుగింటి పనితనమూ వాటిపై పరచిన అతి పలుచని పూత మీద ఆధారపడి ఉంది. కొన్నింటిలో ఆ పూత మందం పది నానోమీటర్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక మందంలో అది దాదాపు ఎనిమిది వేలవ వంతు. ఇంతటి పలుచని పొరను పరచడానికి పరిశ్రమలు అనుసరించే ప్రధాన పద్ధతుల్లో స్పటరింగ్ ఒకటి. ఆ పూతకు ముడిసరుకుగా యంత్రంలో అమర్చే లోహపు పలకనే స్పటరింగ్ టార్గెట్ అంటారు.

కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టర్ కార్యక్రమానికి ఆమోదం తెలిపిన నాటి నుంచి కర్మాగారాలు, పెట్టుబడులు, ఉద్యోగాల లెక్కలే వార్తల్లో ప్రధానంగా వినిపిస్తున్నాయి. ఆ కర్మాగారాలు నిత్యం ఖర్చు చేసే పదార్థాల ప్రస్తావన అరుదు. టార్గెట్ అటువంటి పదార్థాల్లో ఒకటి. యంత్రాన్ని ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. టార్గెట్ మాత్రం గంధపు చెక్కలా వాడుతున్న కొద్దీ అరిగిపోతుంది. సమయానికి కొత్త పలక అందకపోతే ఎంత విలువైన యంత్రమైనా ఖాళీగా నిలబడవలసిందే.

చిటపటలే పేరైన వేళ

పూత పెట్టడం మనకు కొత్త విద్య కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు గిన్నెను కొలిమిపై కాల్చి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలి భాగమంతా రుద్దేవారు. అక్కడ పూత లోహం కరిగి ద్రవంగా మారుతుంది. స్పటరింగ్‌లో లోహం కరగదు. దాని ఉపరితలం నుంచి పరమాణువులు ఒక్కొక్కటిగా ఊడి, ఎదురుగా ఉన్న వస్తువుపై చేరతాయి. ఆంగ్లంలో ఆ మాటకు తుంపరలుగా చిందడం, చిటపటలాడటం అనే అర్థాలు ఉన్నాయి. నిజానికి టార్గెట్ నుంచి తుంపరలు చిందితే అది పనిలో లోపం కిందే లెక్క. పేరు ఒకటి, తీరు ఒకటి.

ఈ ప్రక్రియ ఒక లోహపు గదిలో జరుగుతుంది. ముందుగా గదిలోని గాలిని పూర్తిగా తోడివేసి, తరువాత కొద్దిపాటి ఆర్గాన్ వాయువును లోపలికి వదులుతారు. అప్పుడు గదిలో ఉండే పీడనం ఒక పాస్కల్ లేదా అంతకంటే తక్కువ. అంటే బయటి వాతావరణ పీడనంలో సుమారు లక్షవ వంతు. టార్గెట్‌కు కొన్ని వందల వోల్టుల రుణ విద్యుత్తును కలుపుతారు. ఆర్గాన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, ధనావేశంతో కూడిన అయాన్లు ఏర్పడతాయి. ఊదా రంగులో మెరిసే ఈ స్థితినే ప్లాస్మా అంటారు. రుణావేశం ఉన్న టార్గెట్ వైపు అయాన్లు దూసుకువెళ్లి ఢీకొంటాయి.

ఆ తరువాత జరిగేదాన్ని క్యారమ్ బోర్డుతో పోల్చవచ్చు. స్ట్రైకర్ గుంపును తాకినప్పుడు దానికి నేరుగా తగలని బిళ్ల కూడా అంచు దాకా ఎగిరిపోతుంది. అలాగే అయాన్ తాకిడి లోహపు పొరల్లో ఒక పరమాణువు నుంచి మరొకదానికి పాకి, చివరికి పై వరుసలోని ఒకటో రెండో పరమాణువులు బయటికి వస్తాయి. 500 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఒక్కొక్క ఆర్గాన్ అయాన్‌కు వెండి అయితే సగటున మూడు పరమాణువులు, రాగి అయితే రెండుకు కొంచెం పైగా, అల్యూమినియం అయితే ఒకటి, టైటానియం అయితే అర చొప్పున వెలువడతాయి. లోహాన్ని బట్టి మారే ఈ తేడాయే మిశ్రమ లోహాల విషయంలో చిక్కు ప్రశ్నకు దారితీస్తుంది. దాని సంగతి ముందుముందు.

అయాన్ మోసుకువచ్చే శక్తిలో అధిక భాగం పరమాణువులను ఊడగొట్టడానికి ఉపయోగపడదు, వేడిగా మారుతుంది. అందువల్ల టార్గెట్‌ను ఒక రాగి పలకపై టంకంతో అతికించి, వెనుక నుంచి చల్లని నీటిని ప్రవహింపజేస్తారు. చాలా సందర్భాల్లో ఆ టంకం ఇండియం లోహమే. మెత్తని ఈ లోహం 156 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది. నీటి ప్రవాహం తగ్గినా, అతుకులో చిన్న బొల్లి మిగిలినా, టంకం కరిగి టార్గెట్ ఊడి పడే ప్రమాదం ఉంది. ఈ కారణంగానే తయారీదారులు అతుకును అల్ట్రాసౌండ్‌తో పరీక్షించిన తరువాతనే పలకను పంపుతారు. అధిక శక్తితో పనిచేసే యంత్రాల కోసం టంకం లేకుండా, వేడి, ఒత్తిడిల సాయంతో రెండు లోహాలనూ నేరుగా ఏకం చేసే పద్ధతి కూడా ఉంది.

వాయువులో విద్యుత్తును ప్రవహింపజేసినప్పుడు లోహం ఇలా ఊడి ఎదుటి పలకపై పొరగా చేరుతుందని 1852లో విలియం రాబర్ట్ గ్రోవ్ నమోదు చేశారు. ఫ్యూయల్ సెల్‌కు ఆద్యుడుగా పేరున్న ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. తరువాత ఈ విద్యను వ్యాపారానికి మళ్లించినవారు థామస్ ఎడిసన్. ఆకాశవాణి శ్రోతలకు ఆసక్తి కలిగించే విషయమిది: మైనంపై ముద్రించిన పాటకు నకళ్లు తీయాలంటే ముందు ఆ మైనం విద్యుద్వాహకం కావాలి. శూన్యంలో బంగారు ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుత్తును పంపి మైనంపై పలుచని బంగారు పొరను పరచి, దానిపై మందమైన లోహపు అచ్చును పెంచేవారు. 1902లో విపణిలోకి వచ్చిన ఎడిసన్ సిలిండర్ రికార్డులకు ‘గోల్డ్ మౌల్డెడ్’ అని పేరు రావడానికి కారణం ఆ పొరే. రికార్డులో మాత్రం బంగారం ఉండేది కాదు.

అయితే ఈ పద్ధతిలో పూత ఏర్పడే వేగం చాలా తక్కువ. 1970వ దశకంలో టార్గెట్ వెనుక అయస్కాంతాలను అమర్చే మాగ్నెట్రాన్ విధానం రావడంతో పరిస్థితి మారింది. అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లను పలక సమీపంలోనే తిప్పుతూ ఉంచడం వల్ల ఎక్కువ అయాన్లు తయారై వేగం అనేక రెట్లు పెరిగింది. అమెరికాకు చెందిన జాన్ చాపిన్ 1974లో దరఖాస్తు చేసిన సమతల మాగ్నెట్రాన్ పేటెంట్ 1979లో మంజూరయింది. నేటి పరిశ్రమ చాలావరకు ఆ పునాదిపైనే నిలిచింది.

మిశ్రమం చెదరకుండా చేరేది ఎలా?

ఇత్తడిని శూన్యంలో వేడిచేసి ఆవిరిగా మార్చి పూత వేయాలని చూస్తే ఫలితం నిరాశే. జింకు 907 డిగ్రీల వద్ద మరుగుతుంది, రాగి మరగాలంటే 2,500 డిగ్రీలు దాటాలి. కాబట్టి ముందు జింకు ఎగిరిపోతుంది, రాగి మూకుడులోనే మిగిలిపోతుంది. పూతలో ఇత్తడి ఉండదు.

స్పటరింగ్‌లోనూ తొలి క్షణాల్లో ఇటువంటిదే జరుగుతుంది. సులువుగా ఊడే లోహం ముందు బయటపడుతుంది. అయితే టార్గెట్ ఘనస్థితిలోనే ఉన్నందున, పై పొరలో ఆ లోహం తగ్గగానే లోపలి నుంచి భర్తీ కాదు. పై పొరలో మొండి లోహం పాలు పెరుగుతుంది. కాసేపటికి ఒక సమతూకం ఏర్పడుతుంది: సులువుగా ఊడే లోహం తక్కువగా ఉన్నా త్వరగా ఊడుతుంది, మొండి లోహం నిదానంగా ఊడినా ఎక్కువగా ఉంటుంది. ఆ స్థితి నుంచి వెలువడే పరమాణువుల నిష్పత్తి పలకలోని అసలు నిష్పత్తితో సమానమవుతుంది. నికెల్ 80, క్రోమియం 20 పాళ్ల పలకను పెడితే అదే పాళ్లలో పరమాణువులు బయలుదేరుతాయి. మిశ్రమ లోహాల టార్గెట్లకు ఇంతటి ఆదరణ లభించడానికి ప్రధాన కారణం ఇదే. కొత్త పలకను బిగించిన తరువాత కొంతసేపు అసలు వస్తువుకు అడ్డుతెర ఉంచి లేదా పనికిరాని వేఫర్లపై నడిపి, ఈ సమతూకం వచ్చాకనే అసలు పని మొదలుపెడతారు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. సమాన నిష్పత్తిలో బయలుదేరినవన్నీ అదే నిష్పత్తిలో గమ్యం చేరవు. బరువులో టంగ్‌స్టన్ 90, టైటానియం 10 పాళ్లుగా ఉండే పలక ఇందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. తేలికైన టైటానియం పరమాణువులు దారిలో ఆర్గాన్‌ను ఢీకొని పక్కకు చెదరిపోతాయి. చేరినవాటిలో కొన్ని మళ్లీ తాకిడికి ఊడిపోతాయి. ఫలితంగా పూతలో టైటానియం పాలు పలకలో కంటే తగ్గుతుంది. పూతలో ఎంత కావాలో ముందే లెక్కగట్టి, పలకలో ఎంత కలపాలో నిర్ణయించడం అనుభవంతో వచ్చే విద్య.

అర శాతం రాగి చేసిన మేలు

మిశ్రమ లోహం అవసరం ఎందుకు వచ్చిందో చెప్పడానికి చిప్‌ల చరిత్రకు మించిన ఉదాహరణ లేదు. సిలికాన్ వేఫర్‌పై కోట్ల ట్రాన్సిస్టర్లను కలిపే తీగలు మొదట్లో శుద్ధ అల్యూమినియంతో తయారయ్యేవి. వాటిలో రెండు లోపాలు బయటపడ్డాయి. మొదటిది, వేడి చేసినప్పుడు సిలికాన్ అల్యూమినియంలోకి కరిగి, ఆ ఖాళీలో అల్యూమినియం మేకులా దిగి ట్రాన్సిస్టర్‌ను పాడుచేసేది. పలకలోనే ఒక శాతం సిలికాన్ కలిపితే అల్యూమినియం ఆ ఆకలిని ముందే తీర్చుకుంటుందని గుర్తించారు.

రెండవ లోపం మరింత విచిత్రమైనది. అతి సన్నని తీగలో ప్రవహించే ఎలక్ట్రాన్లు ఏటి నీరు ఇసుకను తోసినట్లు అల్యూమినియం పరమాణువులను తోసుకుపోతాయి. కొన్నాళ్లకు ఒకచోట గుంట పడి తీగ తెగుతుంది, మరోచోట మేట వేసి పక్క తీగను తాకుతుంది. పరికరం కొన్నప్పుడు బాగానే ఉండి, ఏడాది తరువాత అకస్మాత్తుగా మూగబోవడానికి ఇటువంటి కారణాలు ఉండేవి. అల్యూమినియంలో కొద్దిగా రాగిని కలిపితే అది లోహపు రేణువుల సరిహద్దుల్లో చేరి ఈ ప్రవాహాన్ని అడ్డుకుంటుందని ఐ.బి.ఎం. శాస్త్రవేత్తలు 1970 ప్రాంతంలో గుర్తించారు. అప్పటి నుంచి అర శాతం రాగి కలిసిన అల్యూమినియం టార్గెట్ చిప్ పరిశ్రమకు ప్రధాన సరుకుగా మారింది. అత్యాధునిక చిప్‌లు వేరే దారి పట్టినా, పాత తరం చిప్‌లు తయారుచేసే కర్మాగారాల్లో ఇప్పటికీ దీనిదే రాజ్యం.

ఆ వేరే దారి రాగిది. విద్యుత్ నిరోధం అల్యూమినియం కంటే తక్కువ కనుక 1997లో ఐ.బి.ఎం. సంస్థ రాగి తీగల చిప్‌లను ప్రకటించింది. అయితే రాగి సిలికాన్‌లోకి సులభంగా చొరబడుతుంది, చొరబడితే ట్రాన్సిస్టర్ చెడిపోతుంది. అందుకే రాగికీ సిలికాన్‌కూ మధ్య టాంటలమ్, టాంటలమ్ నైట్రైడ్ పొరలను కంచెగా వేస్తారు. ఆ కంచెపై స్పటరింగ్‌తో రాగి విత్తన పొరను పరచి, మిగతా రాగిని విద్యుత్ లేపనం ద్వారా నింపుతారు. తీగలు మరింత సన్నబడిన కొద్దీ రాగికి కూడా అల్యూమినియం గతే పట్టసాగింది. దానితో విత్తన పొర కోసం కొద్దిపాటి మాంగనీసు లేదా అల్యూమినియం కలిసిన రాగి టార్గెట్లు వచ్చాయి. ఒకనాడు అల్యూమినియానికి రాగి అండ, ఈనాడు రాగికి అల్యూమినియం అండ.

చిప్‌ల వెలుపల కూడా మిశ్రమాల వైవిధ్యం తక్కువేమీ కాదు. హార్డ్ డిస్క్‌లో సమాచారం నిలిచేది కోబాల్ట్, క్రోమియం, ప్లాటినంలతో కూడిన పొరలో. దాన్ని చదివే తలలోని అతి పలుచని అయస్కాంత పొరల వెనుక ఒక నోబెల్ బహుమతి ఉంది. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ వేర్వేరుగా కనుగొన్న భారీ అయస్కాంత నిరోధ ధర్మానికి 2007లో భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. వారు ఆ పొరలను ఎంతో ఖరీదైన, నిదానమైన పద్ధతిలో పెంచారు. సాధారణ స్పటరింగ్‌తో పరచిన పొరల్లోనూ అదే ఫలితం వస్తుందని ఐ.బి.ఎం.లో స్టువర్ట్ పార్కిన్ నిరూపించడంతోనే అది ప్రయోగశాల దాటి ప్రజల కంప్యూటర్లకు చేరింది.

భవనాల అద్దాలపై సుమారు పది నానోమీటర్ల వెండి పొర లోపలికి వచ్చే వేడిని వెనక్కి పంపుతుంది. వెండి నల్లబడకుండా ఇరువైపులా నికెల్ క్రోమియం వంటి పొరలు కాపలా ఉంటాయి. డ్రిల్ బిట్ల బంగారు వన్నెలో బంగారం లేదు, అది టైటానియం నైట్రైడ్. టైటానియంతో అల్యూమినియంను కలిపిన పలకను వాడితే, పనిలో పుట్టే వేడికి అల్యూమినియం తనపై ఆక్సైడ్ కవచాన్ని ఏర్పరచుకుని 800 డిగ్రీల వరకు పూతను కాపాడుతుంది. వేసవి ఎండలో అద్దాల భవనం చల్లగా ఉండటానికీ, ఫౌండ్రీలో బిట్ మన్నికకూ ఒకే విద్య ఆధారం కావడం విశేషం.

పలక తయారీలో తొమ్మిదుల లెక్క

బంగారం కొనేవారికి 916 హాల్‌మార్క్ సుపరిచితం. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం అని దాని అర్థం. మేలిమి అని పిలిచే 24 క్యారెట్ల బంగారు బిస్కెట్‌పై 999 అని ఉంటుంది. చిప్‌ల టార్గెట్లకు ఆ మేలిమి చాలదు. వాటి స్వచ్ఛతను తొమ్మిదులతో లెక్కిస్తారు. అయిదు తొమ్మిదులు అంటే 99.999 శాతం, లక్ష పాళ్లలో ఒక్క పాలు మాత్రమే ఇతర లోహ మాలిన్యం. రాగి వంటివాటికి ఆధునిక కర్మాగారాలు ఆరు తొమ్మిదులు కూడా కోరుతుంటాయి. మిశ్రమ లోహమైనా ఈ నియమం మారదు. కావాలని కలిపిన అర శాతం రాగి మాలిన్యం కాదు, చెప్పకుండా వచ్చిన పది లక్షల్లో ఒక్క వంతు సోడియం మాత్రం మాలిన్యమే. సోడియం, పొటాషియం అయాన్లు ట్రాన్సిస్టర్‌లోని ఆక్సైడ్ పొరలో కదులుతూ దాని తీరును మార్చివేస్తాయి. యురేనియం, థోరియం మరింత సూక్ష్మమైన శత్రువులు. మెమరీ చిప్‌లలో కారణం తెలియని తప్పులకు వాటి ప్యాకేజీ పదార్థంలోని ఈ రేడియోధార్మిక ఆనవాళ్ల నుంచి వెలువడే ఆల్ఫా కణాలే మూలమని 1970వ దశకం చివరలో ఇంటెల్ శాస్త్రవేత్తలు టిమోతీ మే, ముర్రే వుడ్స్ తేల్చారు. అప్పటి నుంచి ఈ రెండింటినీ శతకోటి వంతుల్లో కొలవవలసి వస్తోంది.

స్వచ్ఛత ధ్రువపత్రాన్ని చదవడంలోనూ ఒక మెలకువ అవసరం. సాధారణంగా ఆ తొమ్మిదుల లెక్క లోహ మాలిన్యాలకే పరిమితం. ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్, హైడ్రోజన్ వంటివాటిని అందులో చేర్చరు, వేరుగా చూపుతారు. పొడి లోహాన్ని అదిమి చేసిన పలకలో ఆక్సిజన్ ఎక్కువ ఉండవచ్చు, అయినా ధ్రువపత్రంపై అయిదు తొమ్మిదులు మెరుస్తూనే ఉంటాయి. కొనుగోలు విభాగంలోని వారికి ఈ తేడా తెలియకపోతే నష్టం పూతలో బయటపడుతుంది.

తయారీకి రెండు దారులు ఉన్నాయి. అల్యూమినియం, రాగి, టైటానియం వంటివాటిని శూన్యంలో కరిగించి, దిమ్మగా పోతపోసి, కొట్టి, రోలర్ల మధ్య నొక్కి, మళ్లీ వేడిచేసి చల్లారుస్తారు. టాంటలమ్‌ను కరిగించడానికి ఎలక్ట్రాన్ పుంజమే శరణ్యం. టంగ్‌స్టన్ వంటి అతి వేడికి తప్ప కరగని లోహాలను, టైటానియం అల్యూమినియం లాగా కలిసి కరిగితే పెళుసుగా విరిగే జంటలను పొడి రూపంలో కలిపి, అధిక వేడి, ఒత్తిడిలో అదిమి పలకగా చేస్తారు. పొడిలో సన్నని రంధ్రం మిగిలితే అక్కడ విద్యుత్ మెరుపు పుట్టి, కరిగిన తునక ఎగిరి వేఫర్‌పై పడుతుంది. ఒక్క తునక ఒక్క చిప్‌ను వృథా చేయడానికి చాలు.

లోహం స్వచ్ఛంగా ఉంటే చాలదు, దాని రేణువులు కూడా క్రమంగా ఉండాలి. లోహాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న స్ఫటిక రేణువుల గుంపులా కనిపిస్తుంది. రేణువు ఏ దిశకు తిరిగి ఉందన్నదాన్ని బట్టి పరమాణువులు ఊడే వేగం, దిశ మారతాయి. పలక మధ్యలో ఒక తీరు, అంచులో ఒక తీరు ఉంటే పూత మందం వేఫర్ అంతటా సమానంగా ఉండదు. కొట్టడం, నొక్కడం, కాల్చడం ఏ వరుసలో, ఎన్నిసార్లు అన్నది ఒక్కో సంస్థ తరతరాలుగా దాచుకునే రహస్యం. ఈ రంగంలో జపాన్‌కు చెందిన జె.ఎక్స్. అడ్వాన్స్‌డ్ మెటల్స్, టోసో వంటి సంస్థలు ముందువరుసలో ఉండటానికి కారణం గనులు కాదు, ఈ పనితనమే. జపాన్‌లో చెప్పుకోదగిన టాంటలమ్ గనులు లేవు.

ఖనిజానికీ పలకకూ మధ్య దూరం

గుజరాత్‌లోని ధొలేరాలో టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్‌కు చెందిన పవర్‌చిప్ సంస్థ కలిసి నిర్మించే కర్మాగారానికి 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 91,000 కోట్ల రూపాయల పెట్టుబడితో నెలకు 50,000 వేఫర్లు దాని లక్ష్యం. 2025 ఆగస్టులో ఆమోదం పొందిన నాలుగు ప్రాజెక్టుల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటయ్యే చిప్ ప్యాకేజింగ్ కర్మాగారం కూడా ఉంది. ప్యాకేజింగ్ అంటే చిప్‌ను పెట్టెలో పెట్టడం మాత్రమే కాదు. ఆధునిక ప్యాకేజింగ్‌లో చిప్‌ను బయటి ప్రపంచంతో కలిపే బొడిపెల కింద టైటానియం, రాగి పొరలను వేసేదీ స్పటరింగ్‌తోనే. ఇవన్నీ పూర్తిస్థాయిలో నడిచే రోజున టార్గెట్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఆతృత పెంచిన పరిణామాలు ఇటీవలివే. చైనా 2023 ఆగస్టు నుంచి గాలియం, జర్మేనియంల ఎగుమతిపై అనుమతుల నియంత్రణ విధించింది. 2025 ఫిబ్రవరిలో టంగ్‌స్టన్, మాలిబ్డినం, ఇండియం, టెల్లూరియం, బిస్మత్‌లను ఆ జాబితాలో చేర్చింది. ఈ అయిదూ టార్గెట్ల తయారీలో వాడే లోహాలే. ఇండియం ఉత్పత్తిలో సుమారు మూడింట రెండు వంతులు, టంగ్‌స్టన్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా చైనాదే. ఇక టాంటలమ్ ఖనిజం అధికంగా వచ్చేది కాంగో, రువాండాల నుంచి. తూర్పు కాంగోలో సాయుధ ముఠాలకు ఈ ఖనిజం ఆదాయ వనరుగా మారిందన్న కారణంతో, అమెరికా 2010లోనే తగరం, టాంటలమ్, టంగ్‌స్టన్, బంగారం మూలాలను వెల్లడించాలని తన కంపెనీలను ఆదేశించే చట్టం చేసింది.

భారత ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో టైటానియం, టాంటలమ్, టంగ్‌స్టన్, ఇండియం, మాలిబ్డినం అన్నీ ఉన్నాయి. 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు ఆమోదం లభించింది. అయితే గనిలోని ఖనిజానికీ యంత్రంలోని పలకకూ మధ్య చాలా దూరం ఉంది. టైటానియం అందుకు మంచి సాక్ష్యం. కేరళ నుంచి ఒడిశా వరకు, ఆంధ్ర తీరంతో సహా, సముద్రపు ఇసుకలో ఇల్మనైట్ రూపంలో టైటానియం విస్తారంగా ఉంది. దాని నుంచి స్పాంజి లోహాన్ని తీసే పరిజ్ఞానాన్ని హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించగా, కేరళలోని చవరలో అంతరిక్ష సంస్థ తోడ్పాటుతో కర్మాగారం ఏర్పడింది. ఆ లోహాన్ని శూన్యంలో కరిగించి మిశ్రమాలుగా మార్చే సామర్థ్యం హైదరాబాద్‌లోని మిశ్ర ధాతు నిగమ్‌కు దశాబ్దాలుగా ఉంది. రాకెట్ భాగాలకు, విమానాలకు ఇది చాలు. కాని సాధారణ స్పాంజి స్వచ్ఛత స్థూలంగా 99.7 శాతం. చిప్‌కు కావలసిన నాలుగున్నర, అయిదు తొమ్మిదులకు చేరాలంటే మరో విడత శుద్ధి కావాలి. విలువ పెరిగేది అక్కడే, మనం వెనుకబడి ఉన్నదీ అక్కడే.

హైదరాబాద్‌లో ఈ గొలుసుకు అవసరమైన మరికొన్ని లంకెలు ఇప్పటికే ఉన్నాయి. అణు ఇంధన సముదాయం ప్రత్యేక పదార్థాల విభాగంలో టాంటలమ్, నియోబియం వంటి లోహాలు తయారవుతాయి. ఎలక్ట్రానిక్స్ పదార్థాల పరిశోధన సంస్థ సీ-మెట్‌కు ఇక్కడ ఉన్న కేంద్రం అతిశుద్ధ లోహాలపై పనిచేస్తోంది. పొడి లోహ విద్యకు బాలాపూర్‌లో ఆర్కీ పేరుతో అంతర్జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. మాలిన్యాలను శతకోటి వంతుల స్థాయిలో కొలవడానికి భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన జాతీయ పదార్థ విశ్లేషణ కేంద్రం ఇదే నగరంలో పనిచేస్తోంది. కొలవలేని స్వచ్ఛతను అమ్మలేరు కనుక ఈ చివరి లంకెను తక్కువగా చూడరాదు. ఈ సంస్థల్లో కొన్ని అణుశక్తి వంటి వ్యూహాత్మక అవసరాల కోసం పుట్టినవి. వాణిజ్య చిప్ కర్మాగారానికి నెలనెలా ఒకే నాణ్యతతో, ఒకే రేణువు తీరుతో పలకలు అందించడం వీటికి అప్పగించిన పని కాదు.

పరిజ్ఞానం సమకూరినా ప్రవేశం సులువు కాదు. చిప్ కర్మాగారం టార్గెట్ సరఫరాదారును మార్చాలంటే కొత్త పలకతో పరీక్షా వేఫర్లను నడిపి, పూత మందం, నిరోధం, తునకల లెక్క, ఆపై చిప్‌ల మన్నిక అన్నింటినీ పరిశీలించాలి. ఇందుకు నెలలు పడుతుంది. పలక ధరలో కొంత ఆదా కోసం వేఫర్లను పణంగా పెట్టడానికి ఏ కర్మాగారమూ తొందరపడదు. అద్దాల పూతలు, పనిముట్ల పూతలు ఇంతటి పట్టుదల చూపవు. వాటికి మూడు తొమ్మిదుల స్వచ్ఛత తరచుగా సరిపోతుంది. కొత్తగా వచ్చే దేశీయ తయారీదారుకు తొలిమెట్టు అక్కడ ఉందనడం సమంజసం. చైనా సంస్థలు సైతం ఏళ్ల తరబడి కృషి తరువాతనే చిప్ టార్గెట్లలో పెద్ద కర్మాగారాల నమ్మకాన్ని పొందాయి.

అరిగిన పలక విలువ

చదునైన టార్గెట్‌పై ప్లాస్మా అయస్కాంత క్షేత్రం వెంబడి ఒక వలయంలా తిరుగుతుంది. లోహం ఆ వలయంలోనే లోతుగా తరిగి, పరుగుపందెపు బాట లాంటి గాడి ఏర్పడుతుంది. గాడి అడుగు వెనుక పలకను తాకకముందే టార్గెట్‌ను తీసివేయాలి. అప్పటికి వాడుకున్నది సుమారు మూడో వంతు మాత్రమే. అద్దాల పరిశ్రమలో గొట్టం ఆకారపు టార్గెట్లను తిప్పుతూ వాడటం వల్ల నాలుగింట మూడు వంతుల వరకు వినియోగం సాధ్యమైంది. చిప్ యంత్రాల్లో అయస్కాంతాలను తిప్పుతూ గాడిని విస్తరింపజేస్తారు. అయినా గణనీయమైన లోహం మిగులుతుంది.

ప్లాటినం, రుథీనియం వంటి విలువైన లోహాల విషయంలో కర్మాగారం అరిగిన పలకను తయారీదారుకు తిప్పి పంపుతుంది. తూకం వేసి, తరిగిన మేరకు లోహం ధర, దానితో పాటు తయారీ మజూరీ లెక్కగడతారు. పాత నగ ఇచ్చి కొత్త నగ చేయించుకునే తీరుకు ఇది దూరం కాదు. ఫోన్ తెరలకు వాడే ఇండియం, తగరం ఆక్సైడ్ పలకల నుంచి ఇండియంను తిరిగి రాబట్టడంలో జపాన్, దక్షిణ కొరియా ఎంతో ముందున్నాయి. ప్రధానంగా జింకు శుద్ధిలో ఉపఉత్పత్తిగా లభించే ఈ లోహానికి అరిగిన పలకలే ఒక గనిగా మారాయి.

భారత్‌లోనూ కీలక ఖనిజాల పునర్వినియోగానికి 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు, లిథియం అయాన్ బ్యాటరీల తుక్కు దాని ప్రధాన లక్ష్యం; ఇతర తుక్కుకు కూడా అందులో చోటుంది. పాత ఫోన్ల నుంచి గ్రాములకు గ్రాములుగా ఏరవలసిన లోహం, అరిగిన టార్గెట్‌లో కిలోల లెక్కన, అప్పటికే అయిదు తొమ్మిదుల స్వచ్ఛతతో దొరుకుతుంది. ధొలేరాలో తొలి టార్గెట్లు అరిగిపోయే నాటికి వాటిని కరిగించి మళ్లీ పలకగా మార్చే కొలిమి దేశంలో లేకపోతే, అవి వచ్చిన ఓడల్లోనే తిరుగు ప్రయాణం కడతాయి.